హానీల మెట్లపొలములు

గడచిన సంక్రాంతి సెలవులలో నాకు చీనాదేశమునకు పోయి, యునాన్ రాష్ట్రపు కొండలలో హానీ యను జాతివారి పల్లె నొకదానిని చూచు భాగ్యము లభించినది. నేను పెద్దబడులలో చదివినదానను కాను. పుట్టినింట నాయనగారియొద్ద అమరమును, కొన్ని కావ్యములను, భారత భాగవతములను చదువుకొని, అత్తవారింట సంసారము చక్కబెట్టుకొనుచున్నదానను. కావున దేశచరిత్రలు వ్రాయుటకు నాకు శక్తి లేదు. ఒక గృహిణి కన్నులకు కనబడినవి, చెవులకు వినబడినవి మాత్రమే యిచ్చట వ్రాయుచున్నాను.

ప్రయాణపు మాటకు ముందు మా యింటి మాట యొకటి చెప్పవలసి యున్నది. మా అత్తవారిది చిత్తూరు సీమలో చెరువుక్రింది పల్లె. అచ్చట మాకు ఎకరమున్నర మాగాణి కలదు. మావారు పట్టణమున బడిపంతులు. మేము పల్లెకు పోవుట పండుగకో పబ్బమునకో మాత్రమే. మామగారు కాలముచేసిన పిదప మూడేండ్లుగా ఆ కయ్యలు బీడుపడి తుమ్మమొక్కలు మొలచినవి. క్రింది రైతులకు నీరు పోవు కాలువ మా కయ్యల నడుమనుండియే పోవును. అదియు పూడిపోయినది. ధనుర్మాసమున క్రిందికయ్య రైతు మా యింటికి వచ్చి అరుగుమీద కూర్చుండి, "అయివారూ, చెరువు నిండి మరవ పోతా ఉంది. అయినా మా కయ్యకు చుక్క నీరు రాలేదు. మీ కయ్యలో కాలువ తీయిస్తే చాలు" అని చెప్పుకొనెను. మావారు "చూతములే" యనిరి. నేను మజ్జిగ యిచ్చి పంపితిని. అతడు వెడలిన పిమ్మట, "ఆ ఎకరమున్నరయు అమ్మివేసిన మనకీ పీడ వదలును" అన్నది మావారు కాదు, నేనే. మా అత్తగారు ఆ మాట విని యేమియు అనక, జపమాల తీసికొని లోపలికి పోయిరి.

మన తెలుగుబిడ్డలు పలువురు వైద్యవిద్యకై చీనాకు పోవుచుండుట మీ రెఱుగుదురు. మా తమ్ముడును వారిలో నొకడు. కున్మింగు నగరమున చదువుచున్నాడు. "చదువు ముగియవచ్చినది, అక్కా! నేను తిరిగి వచ్చులోపల బావగారును నీవును ఒకసారి వచ్చి చూడుడు" అని యేడాదిగా పోరుచుండెను. చీటీపాట పాడి తెచ్చుకొన్న సొమ్ముతో, పిల్లలను అత్తగారికి అప్పగించి బయలుదేరితిమి. వాడు పనిచేయు వైద్యశాలలో ఒక హానీ పిల్ల నర్సుగా నున్నది. సెలవుపెట్టి తన పుట్టినింటికి పోవుచుండుటచే, మమ్మును వెంట తీసికొనిపోయెదనని యామె యొప్పుకొనినది. అట్టి యాప్తుల తోడు లేకున్న ఆ పల్లెలో మే మొక రాత్రి యైనను ఒక యింటి మనుష్యులుగా గడపియుండము.

కున్మింగునుండి దక్షిణముగా సుమారు 300 కిలోమీటర్లు మోటారులో పోవలెను. నడుమ జియన్‌ష్వే యను పాతపట్టణమున ఆగితిమి. అచ్చట కన్ఫ్యూషియసు మహాశయునికి 1285లో కట్టిన గొప్ప దేవళ మున్నది. గురువునకే గుడికట్టిన దేశమని మావారు మురిసి, ప్రతి ద్వారముకడను నిలిచిపోవుచుండిరి. వీథిలో సోయాచిక్కుళ్ల పాలు విఱుగగొట్టి చేసిన తోఫుముద్దలను బొగ్గులమీద కాల్చి యమ్ముచుండిరి. శాకాహారులమైన మాకు ఆ దినమున అదియే భోజనము.

అచ్చటనుండి బాట లోయలోనికి దిగినది. దిగినకొలది ఎండ హెచ్చినది. అరటితోటలు కానవచ్చినవి. అడుగున ఎఱ్ఱమన్ను కలిసిన నీటితో పాఱుచున్నది హొంగ్‌హో. ఎఱ్ఱనది యని దాని యర్థము. ఈ నదియే వియత్నాము దేశమునకు పోయి సముద్రమున కలియును. నది దాటినది మొదలు బాట ఐలావు కొండలమీదికి చుట్టలు చుట్టుకొనుచు ఎక్కును. ఆ లోయవెచ్చదనము గంటలో మాయమై, కంబళి కప్పుకొనవలసి వచ్చినది. ఆ కొండలమీద ఎత్తునుబట్టి జాతులు కాపురముండుట ఆశ్చర్యము. వేడి లోయలో దాయి యనువారు, వారికి పైన యీ జాతివారు, హానీలు, మఱియును పైన మియావులు, యావులు అని నర్సుపిల్ల చేతితో చూపుచు చెప్పినది. ఒకే కొండ, ఒక్కొక్క మెట్టున ఒక్కొక్క భాష.

మేము దిగిన పల్లె యువాన్యాంగు మండలములో దువోయిషు అనుచోటి చెంత నున్నది. చీకటిపడిన వెనుక చేరుటచే ఆ రాత్రి మాకు మంచుతప్ప మఱేమియు కనబడలేదు. తెల్లవారుజామున తమ్ముడు లేపి మిట్టమీదికి తీసికొనిపోయెను. మొదట తెల్లని మబ్బు సముద్రమువలె లోయ నిండుగా నున్నది. క్రమముగా నది చీలి, క్రింద ఏదో మెఱసినది. అద్దపుముక్క యనుకొంటిని. మఱియొకటి మెఱసినది. పిదప పదులు, నూరులు. కొండ యడుగునుండి మా కాళ్లవఱకు నీటితో నిండిన మళ్లు, మెట్లు మెట్లుగా, గట్టుకు గట్టు వంపు తిరిగి యున్నవి. ప్రొద్దు పొడిచినంతనే యొక మడి బంగారు వన్నె, ప్రక్కమడి నీలము, అందు నాచు పెరిగిన మళ్లు ఎఱ్ఱజేగురు వన్నె తాల్చినవి. ఈ కొండలలో కొన్నిచోట్ల మూడువేల మెట్ల వఱకు కలవట. కొన్ని మళ్లు పెద్దవై యుండగా, కొన్ని మన చాపంత మాత్రమే యున్నవి. చాపంత భూమిని గూడ విడువక గట్టుకట్టి నీరుపెట్టినవారి యోపికను తలచి నాకు నోట మాట రాలేదు.

మన యూరిలో మాగాణి యన్న చదునుగా నుండవలెను. కొండవాలును చదునుచేసి మాగాణి యొనర్చిరి వీరు. ఇది నిన్న మొన్నటి పని కాదు. 1,300 సంవత్సరములుగా తరము వెంట తరము చేయుచు వచ్చినదని చెప్పుదురు. 2013లో యునెస్కో సంస్థవారు ఈ మెట్లపొలములలో 16,603 హెక్టారులను, అనగా మన లెక్కను దాదాపు 41 వేల ఎకరములను, 82 పల్లెలతో గూడ ప్రపంచవారసత్వ స్థలముగా ప్రకటించిరి.

నర్సుపిల్ల పుట్టినిల్లు ఆ నాటి పాతకట్టడపు టిల్లు. పునాది రాయి, గోడలు మట్టియిటుకలు, పైకప్పు నాలుగువైపుల వాలిన దళసరి గడ్డి. దూరమునుండి చూచిన పుట్టగొడుగు లేచినట్లుండును. అందుచేతనే వీనిని పుట్టగొడుగు ఇండ్లందురు. ఇల్లు మూడంతస్తులు. క్రింద గేదె, పందులు, నాగలి, నడుమ మనుష్యులు, పై యటకమున ధాన్యము. నడిమి యంతస్తులో పొయ్యి యున్నది. దాని పొగ పైకెక్కి అటకమీది గింజను ఆరబెట్టును, పురుగు చేరనీయదు. మన పల్లెయిండ్లలో పొయ్యిమీది అటకన విత్తనపుకంకులు కట్టియుంచుట నాకు జ్ఞప్తికి వచ్చినది.

ఇల్లాలికి అరువదేండ్లుండును. నీలిమందులో అద్దిన ముదురునీలపు టంగీ, తలకు నీలపుగుడ్డ. అక్కడి స్త్రీలు నూలు తామే నేసి, కొండచెట్టు ఆకులు నానవేసిన నీలితొట్టిలో పలుమార్లు ముంచి రంగు పట్టింతురు. ఆమె చేతివ్రేళ్ల సందులలో ఆ నీలము పోకయే నిలిచియున్నది. ఆమెకు హానీభాష తప్ప రాదు. ఆమె మాటను కూతురు చీనాభాషలో చెప్పును. మా తమ్ముడు తెలుగు చేయును. నా జవాబు మరల ఆ మూడుమెట్లు ఎక్కవలెను. ఒక్క మాటకు మాత్రము మధ్యవర్తులు అక్కఱలేకపోయిరి. కూతురు వాకిట నిలిచి తల్లిని పిలిచినప్పుడు "ఆమ" అన్నది. నేను తలయెత్తి చూచితిని. తల్లిని వారి భాషలో అట్లే పిలుతురట!

మేము మాంసము తినమని తెలిసి ఆమె మొదట దిగులుపడి, తరువాత నవ్వి, తోటలోనికి పోయి పుదీనా, కొత్తిమెర, ఆవాకు కోసి తెచ్చినది. ఎఱ్ఱబియ్యపు టన్నము, ఆకుకూర పులుసు, పులియబెట్టిన సోయాగింజలతో మిరపకాయ నూరిన పచ్చడి పెట్టినది. ఆ పచ్చడిలో ప్రతి కబళమును అద్దుకొనుట వారి వాడుక. ఎఱ్ఱబియ్యము వారి ముఖ్యపు పంట. మన దంపుడుబియ్యమువలె ముతకగా నుండి, నమలినకొలది తీపి పుట్టును. మావారు మాఱు అడిగి వేయించుకొనిరి. ఇంట నే నెంత చెప్పినను దంపుడుబియ్యము ముట్టనివా రీయనయే!

మఱునాడు నీటి మర్మము చూపెదమని తల్లీకూతుండ్రు మమ్మును కొండమీదికి తీసికొనిపోయిరి. పల్లెకు పైన అంతయు అడవి. ఆ యడవిలో గొడ్డలి పెట్టరాదు. అందొక వృక్షము గ్రామదేవతకు నెలవు. వసంతమున పల్లె యంతయు దానిని పూజించి, వీథి పొడవున భోజనపు బల్లలు వరుసగా వేసికొని సహపంక్తిని భుజింతురు. ఇది భక్తి మాత్రమే యనుకొంటిని. కాని దాని వెనుక గొప్ప లౌక్యము కలదు. వేడి లోయలోని నదినుండి ఆవిరి లేచి, మంచుగా మారి, పై యడవికి తగిలి నిలుచును. చెట్లు ఆ తడిని పట్టి వేళ్లక్రింద దాచి, ఊటలుగా విడుచును. ఆ నీరు కాలువలబడి పల్లెకు వచ్చి, పల్లెలో త్రాగుటకును కడుగుటకును ఉపయోగపడి, పిదప మళ్లలోనికి దిగి, మడినుండి మడికి జారి, తుదకు ఎఱ్ఱనదిని చేరును. మరల ఆవిరియై పైకి వచ్చును. అడవి, పల్లె, పొలము, నది: ఈ నాలుగింటిలో ఏ యొకటి చెడినను తక్కినవి నిలువవు.

అమరములో దేశములను నదీమాతృకము, దేవమాతృకము అని రెండు విధములుగా చెప్పుట చిన్ననాడు వల్లెవేసితిని. నదినీటితో పండునది మొదటిది, వానకై ఆకాశమువంక చూచునది రెండవది. ఈ కొండపల్లె యే కోవకు చెందును? నది యడుగున నున్నది, దాని నీ రెక్కదు. వాన కొన్ని నెలలే. దీనిని వనమాతృక మనిన సరిపోవు నని నాకు తోచినది. 2009-10లో యునాను రాష్ట్రమున ఘోరమైన కఱవు వచ్చినప్పుడు కూడ ఈ మళ్లలో చాలవఱకు నీరు నిలిచినదట. తల్లి కడుపున దాచిన పాలవంటివి ఆ యూటలు.

కాలువల ప్రక్కగా నడచుచు ఒకచోట ఆగితిమి. కాలువ కడ్డముగా ఒక దుంగ పెట్టియున్నది. దాని పైయంచున వెడల్పు వేఱువేఱుగా గంట్లు చెక్కియున్నవి. ఒక గంటు మూడు వ్రేళ్ల వెడల్పు, ఒకటి జానెడు. నీరు ఆ గంట్లనుండి చీలి వేఱువేఱు పిల్లకాలువలలోనికి పోవుచున్నది. ఎవరి క్రింద ఎంత పొలము కలదో లెక్కించి, అందఱు కూడి ఒప్పుకొని గంటు చెక్కుదురు. కొన్నిచోట్ల దుంగకు మాఱు రాయి యుండును. రాత్రివేళ గంటు పెద్దది చేసినవానికి జరిమానా. ఈ కాలువలను కాచుటకు పల్లెవారు ఒక పెద్దను ఎన్నుకొందురు. పూడిక తీయించుట, ఆకులు పట్టకుండ చూచుట, తగవు తీర్చుట అతని పని. అతనికి కూలి ధాన్యరూపముగా ఇచ్చుట పూర్వాచారము. ఇట్టి కాలువలు నాలుగు పెద్దవియు, 392 చిన్నవియు కలసి 445 కిలోమీటర్లకు పైగా పొడవు కలవని యునెస్కోవారి లెక్క.

ఇది విని నేను "మన నీరుగంటి!" యని యరచితిని. మా అత్తవారి యూరిలో పూర్వము చెరువుతూము తీయుటకును, వంతులు నడపుటకును నీరుగంటి యుండెడివాడు. కల్లములో ప్రతి రైతును అతనికి గింజలు కొలిచి యిచ్చెడివాడు. మా మామగారి నాటికే ఆ వాడుక తప్పినది. ఇప్పుడు బోర్లు వచ్చిన వెనుక చెరువుగట్టుమీదికి పోవువారే తక్కువ. దుంగకు చెక్కిన గంటును చూచుచు మావారు చాలసేపు నిలిచి, "చదువు రానివారికిని లెక్క తప్పని కొలత" అనిరి.

చదువు మాట వచ్చినది కావున చెప్పుచున్నాను. హానీలకు పూర్వము లిపి లేదు. 1957లో రోమను అక్షరములతో లిపి యేర్పఱచిరి. వారిలో ఒక కథ కలదు. పూర్వము వలసపోవుచు నది దాటునప్పుడు, తడియునని భయపడి వారి గురువు పుస్తకమును నోటబెట్టుకొని, తెలియక మ్రింగివేసెనట. నాటినుండి వారి శాస్త్రములన్నియు గురువుల కడుపులోనే యున్నవని నవ్వుచు చెప్పుదురు. ఏ మాసమున నారు పోయవలెను, ఎప్పుడు గట్టు చెక్కవలెను, ఎప్పుడు కోత కోయవలెను అను విషయములన్నియు పాటలుగా కట్టి నేర్పుదురు. నాలుగు ఋతువుల సేద్యపు పాటను 2006లో చీనా ప్రభుత్వమువారు జాతీయసంపదగా గుర్తించిరి. మన పరాశరుని పేర కృషిశాస్త్రము శ్లోకములలో నున్నట్లే, వీరిది పాటలో నున్నది. వినినంతనే కంఠస్థమగుటకు అంతకంటె సులువేమి కలదు?

మళ్లలో శీతకాలమున పంట లేకున్నను నీరు నిలుపుట యేల యని నేను ప్రశ్నించితిని. ఆ తల్లి తన పాదమున గట్టును తట్టి చూపినది. ఈ గట్లు మట్టివి. ఒక్కమాఱు ఎండిన బీటలువాఱును. బీటలోనికి వాననీరు దిగిన గట్టు తెగును. ఒకటి తెగిన దాని క్రిందిదియు పోవును. కావున కోత యైన వెంటనే గట్లు చెక్కి, మన్ను మెత్తి, దమ్ముచేసి, మరల నాటువఱకు నీరు కట్టియుంతురు. ఏడాదికి ఒక్క పంటయే. కాని నీరు ఊరక యుండదు. అందు చేపలు, మలుగుచేపలు పెరుగును. బాతులు దిగి పురుగులను ఏరి తిని, రెట్టతో నేలను బలపఱచును. పల్లెలోని పశువుల పేడను ఒక గుంటలో నిలువచేసి, పైరుకు కావలసిన వేళకు కాలువనీటిలో కలిపి వదలుదురు. మోయు పని లేకయే ఎరువు నీటితో గూడ మడికి చేరును. మన యింటి కడుగునీళ్లు వీథిలోనికి పాఱి దోమలను పెంచుచుండగా, వారి కడుగునీళ్లు అన్నము పండించుచున్నవి.

ఆ పొలములలో ఆడువారి పనికి అంతులేదు. నాట్లు, కలుపు, కోత, మోత అన్నియు వారివే. బరువైన బుట్టను వీపున వేసికొని, దాని పట్టీని నుదుటికి తగిలించి, తడిగట్లమీద జారక నడతురు. నడచుచుండియే చేతులతో నూలు వడకుచున్న ముసలమ్మను ఒకతెను చూచితిని. అయినను వారి బ్రతుకు కష్టముతోనే నిండియుండదు. వారికి ఆఱవ మాసమున కూడ ఒక పండుగ కలదు. అప్పుడు ఊయెలలు కట్టి పెద్దలు, పిల్లలు, ఆడువారు ఊగుదురట. మన అట్లతద్ది ఊయెలను గూర్చి నేను చెప్పగా, మూడు భాషలు దాటి ఆ మాట చేరినంతనే ఇల్లాలు చప్పట్లు చఱచినది.

ఇక అచ్చటి మార్పుల మాట. మంచి బాటలు వేసిరి. విద్యుద్దీపములు వచ్చినవి. ప్రొద్దు పొడుపును ఫొటోలు తీసికొనుటకు వేలమంది వచ్చుచున్నారు. పలు పల్లెలలో గడ్డియిండ్లు పోయి సిమెంటు మేడలు లేచినవి. దానిని తప్పుపట్టుటకు మనమెవ్వరము? గడ్డికప్పు క్రింద పొగలో వంటచేసినవారికే దాని బాధ తెలియును. దగ్గఱనున్న అజెకె యను చిన్నపల్లెలో మాత్రము 2018లో ఒక క్రొత్తయేర్పాటు మొదలుపెట్టిరి. సున్యత్సేను విశ్వవిద్యాలయపు పండితుల సలహాతో పల్లెవారు తామే సంఘముగా నేర్పడి, చూడవచ్చిన వారిచ్చు సొమ్మును పంచుకొనుచున్నారు. ఆ పంపకము చిత్రమైనది. కుటుంబములకు వచ్చు భాగములో నూటికి 40 పాళ్లు పాతయిల్లు నిలుపుకొన్నవారికి, 30 పాళ్లు మెట్లపొలము దున్నువారికి, 20 పాళ్లు పల్లెలో కాపురముండువారికి, 10 పాళ్లు ఊరి పట్టికలో పేరున్నవారికి. ఊరు విడిచినవానికి భాగము తగ్గును. మడి విడిచినవానికిని తగ్గును. కాలువలోని దుంగకు గంటు చెక్కినవారి మనుమలు సొమ్మునకును గంటు చెక్కిరి!

కాని ప్రతి పల్లెకును ఆ యదృష్టము లేదు. పడుచువారు పట్టణములకును, దూరపు కర్మాగారములకును పోవుచున్నారు. మఱునాటి సాయంకాలము ఆ తల్లి మమ్మును తన మళ్ల కడకు తీసికొనిపోయినది. పదునొకండు చిన్నమళ్లు. అందు మూడింటి గట్లు క్రొత్తమట్టితో నున్నవి. ఏమి జరిగెనని యడిగితిని. పైమడివారు కాపురమెత్తి నగరమునకు పోయిరట. వారు పోయిన యేడు ఆ మడి ఎండి బీటలువాఱినది. తొలివానలకు గట్టు తెగి, మన్నంతయు ఈమె మూడు మళ్లమీద పడి, నారును చేపపిల్లలును కప్పబడిపోయినవి. ఊరివారు తలా ఒకచేయి వేసి మరల కట్టిరి.

"పైమడివారిపై తగవు పెట్టలేదా?" యని మావారడిగిరి.

ప్రశ్న మెట్లెక్కి పోయినది. జవాబు మెట్లు దిగి వచ్చినది. "వారు పాపము, చెడ్డవారు కారు. దూరమున నున్నారు, అంతే. దూరమున నున్నవానికి గట్టు పగులుట వినబడదు." అని చెప్పి ఆమె పైమడిలోనికి దిగినది. మడవకు అడ్డుపడిన ఆకులను చేతితో తీసివేసినది. అది ఆమె మడి కాదు. దాని పంట ఆమెకు రాదు. అయినను నాటినుండి దానికి నీరు పెట్టుచున్నది. పైమడికి నీరు పెట్టుట క్రిందిమడి కొఱకే యట.

పిదప ఆమె గట్టుమీద కూర్చుండి, కూతువంక చూచుచు ఏదో యన్నది. ఆ పిల్ల తల వంచుకొని, వెంటనే చీనాభాష లోనికి మార్చలేదు. తమ్ముడు రెండుమాఱు లడిగిన మీదట చెప్పినది. "మా పిల్ల జబ్బుపడినవారిని చూచుచున్నది. మంచి పని. కాదనను. కాని నా వెనుక ఈ గట్లను ఎవరు చూతురు?" ఆ పిల్ల కన్నులలో నీరు నిలిచినది. ఎవరిని తప్పు పట్టుదుము? కూతురు చదువుకొనవలెనని కట్టెలు మోసి చదివించిన తల్లి ఆమెయే.

అంతలో ఆమె నావైపు తిరిగి, "మీకును మడి కలదంటివి కదా, మీరు పట్టణమున నున్నచో దానిని ఎవరు చూచుచున్నారు?" అని యడిగినది.

మొదటినాడు ఎఱ్ఱబియ్యము తినుచు, మాకును మాగాణి కలదని నేనే గొప్పగా చెప్పియుంటిని. ఇప్పుడు నా నోట మాట లేదు. మావారు నా ముఖము చూచిరి. తమ్ముడు నా జవాబుకై వేచి యుండెను. తుద కెట్లో "ఎవరును చూచుటలేదు" అంటిని. అది ఆమెకు చేరునంతవఱకు నాకు కలిగిన సిగ్గు ఇంతింత యని చెప్పలేను. ఆమె నన్ను నిందింపలేదు. "ఎవరో క్రింద నుందురు" అని మాత్రమన్నది.

అరుగుమీద కూర్చుండి మజ్జిగ త్రాగి పోయిన రైతు ముఖము నాకు ఆ కొండలమీద కనబడినది. నాకు పీడగా తోచిన ఆ ఎకరమున్నర అతనికి పైమడి!

మఱునాడు వీడ్కొనునప్పుడు ఆ తల్లి నా కొంగున రెండు గుప్పెళ్ల ఎఱ్ఱబియ్యము కట్టినది. విత్తనము దేశములు దాటింపరాదని తమ్ముడు చెప్పగా, కున్మింగులోనే వండుకొని తింటిమి. దారి పొడవున మావారును నేనును ఎక్కువ మాటలాడుకొనలేదు. ఎఱ్ఱనది దాటినప్పుడు మాత్రము ఆయన, "వచ్చు ఆదివారము ఊరికి పోదమా?" యనిరి. ఎందుకని నేను అడుగలేదు.

మాఘమాసపు మొదటి ఆదివారమున పోయితిమి. క్రింది రైతును, మఱి యిద్దఱు కూలీలను పిలిచి తుమ్మమొక్కలు కొట్టించి, కాలువ తీయించితిమి. నేనును చేతనైనంత మట్టి తట్ట మోసితిని. మా అత్తగారు గట్టుమీద చాప వేసికొని కూర్చుండి, కాలువ యెటు వంగవలెనో, తూమునీరు పూర్వ మెటు పాఱెడిదో చెప్పుచుండిరి. ఇంతటి జ్ఞాన మామె కడ నున్నదని ఇన్నేండ్లు నాకు తెలియదు. మేము అడుగలేదు, ఆమె చెప్పలేదు. ప్రొద్దు వాలువేళకు నీరు మా కయ్య దాటి క్రిందికయ్యలో పడినది. ఆ రైతు ఏమియు అనక, పాఱ నేలకు ఆనించి నిలిచి చూచుచుండెను.

మా కయ్యలను కౌలుకిత్తుమా, మేమే సాగు చేయింతుమా యనునది ఇంకను తేలలేదు. అమ్ముమాట మాత్రము నే నిక ఎత్తను.

సోదరీమణులారా! మనలో పలువురకు ఏదో యొక యూర పుట్టింటిదో, అత్తింటిదో చారెడు నేల యుండును. దూరమున నున్నాము కావున దాని గట్టు పగులుట మనకు వినబడదు. ఈ వేసవికి పిల్లలతో అచ్చటికి పోయి, ఇంటి పెద్దలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, నీ రెటునుండి వచ్చి యెటు పోవునో ఒక్కమాఱు అడిగి చూడుడు. ఆ యుత్తరమునకై నే ననవసరముగా చీనాదాక పోవలసి వచ్చినది. మీకు ఊరి చెరువుగట్టు చాలును.